జంషెడ్‌పురములో ఆరు వారములు

మా చెల్లెలి కుమార్తె ఎం.బి.ఏ. మొదటి సంవత్సరము ముగించినది. ఈ చదువు సంగతి ఎఱుగని సోదరీమణులకై ఒక్క మాట చెప్పవలసియున్నది. ఇది డిగ్రీ పరీక్ష యైన పిమ్మట చదువు రెండేండ్ల వ్యాపారనిర్వహణ విద్య. మొదటి యేట అందఱును లెక్కలు, అర్థశాస్త్రము, వ్యాపారచట్టములు మున్నగునవి కలిసి చదువుదురు. రెండవ యేట ప్రతివారును ఒక శాఖను ప్రత్యేకముగ నెన్నుకొనవలెను. సొమ్ము రాకపోకలు చూచునది ఫైనాన్సు; సరకును కొనువారికి జేర్చునది మార్కెటింగు; పనివారిని చేర్చుకొనుట, వారికి తరిఫీదిచ్చుట, వారి జీతములు, తగవులు చూచునది హెచ్.ఆర్. ఇంకను కొన్ని కలవు. తొలి ఉద్యోగము సాధారణముగ ఎన్నుకొన్న దారినే దొరకును గనుక, మా చెల్లెలి యింట ఈ విషయము పెండ్లిసంబంధమునకు తీసిపోని చర్చ యైనది.

"ఆడపిల్లకు హెచ్.ఆర్. చాలును. నీడపట్టున కూర్చుండి నలుగురితో మంచిగ మాటలాడు పని" అని మఱదిగారి తీర్పు. మేమును ఆ శాఖయే మేలనుకొంటిమి గాని, మా కారణము అది కాదు. మనుష్యుల కష్టసుఖములు విచారించు పని మంచి పనియని మా నమ్మకము. పిల్ల ఏమియు పలుకలేదు.

ఆ కళాశాల నియమము ప్రకారము వేసవిలో ఆరు వారములు ఏదేని సంస్థలో పనిచేసి నివేదిక వ్రాయవలెను. జంషెడ్‌పురమున నున్న మా వదినగారు ఆ యూరి ప్రక్కనే ఆదిత్యపురములో ఒక చిన్న కార్ఖానాలో అవకాశము చూచి వ్రాసిరి. ఒంటరిగ పంపుటకు చెల్లెలు ఒప్పుకొనలేదు. అందుచే మేమును మూట కట్టితిమి.

విశాఖపట్టణమున రాత్రి బండి యెక్కి మరునాడు ఖరగపురమున దిగితిమి. ఆ స్టేషను ప్లాట్‌ఫారము 1072 మీటర్ల పొడవు. లోకములో నన్నిటికంటె పొడవైనదని దానికి చాలకాలము ప్రసిద్ధి యుండెను. 2013లో గోరఖపురమును, 2023లో హుబ్బళ్లియు దానిని దాటినవి. సామాను మోయుటకు వచ్చిన కూలివాడు మా మాటలు విని "ఏ వూరమ్మా మీది?" అని తెలుగున నడిగెను! వెనుకటి బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున మనవారు పనులకై వెళ్లి అక్కడనే నిలిచిపోయిరి. ఆవకాయ జాడీ మూత వదులై మా పెట్టె ఒకమూల ఎఱ్ఱబడగా, ఆ మనిషియే గుడ్డపీలికతో బిగించి కట్టి యిచ్చెను.

అక్కడ బండి మాఱితిమి. ఝార్‌గ్రామము దాటినది మొదలు ఎఱ్ఱమన్నును, సాలవృక్షములును. ఘాట్‌శిల దగ్గఱ కొండలు కానవచ్చును. టాటానగరమున దిగుసరికి ప్రొద్దు వాలినది.

వదినగారి యిల్లు సోనారి పేటలో నున్నది. అక్కడికి దగ్గఱలోనే ఖర్కాయి నది సువర్ణరేఖలో గలియును. ఆ సంగమమును దోముహాని యందురు. వేసవి యగుటచే నీరు తక్కువ, ఱాళ్లు ఎక్కువ. వదినగారి మామగారు సాయంకాలము అక్కడకు నడచిపోవుచుందురు. వారి తండ్రిగారు శ్రీకాకుళము ప్రాంతమునుండి ఉక్కు కార్ఖానా పనికి వచ్చిరట. ఆ యూరిలో నిట్టి తెలుగు కుటుంబములు వేలకొలది గలవు. బిష్టుపురములో ఆంధ్రులు కట్టుకొన్న రామమందిరమున కేగినప్పుడు మాకు పరాయియూర నున్నామని తోచలేదు.

ఈ నగరము 1907లో స్థాపితమైన ఉక్కు కంపెనీతో పుట్టినది. అప్పుడది సాక్చి యను గ్రామము. 1919లో జంషెట్జీ టాటా పేర జంషెడ్‌పురమైనది. ఆయన 1904లోనే గతించెను. పట్టణము కట్టునప్పుడు వీథులు వెడల్పుగ నుండవలెనని, నీడ చెట్లు నాటవలెనని 1902లోనే కుమారునికి జాబు వ్రాసియుండెను. ఆ చెట్ల నీడను మేము నడచితిమి గనుక ఆ జాబు నిష్ఫలము కాలేదని చెప్పగలము.

అయితే మా మనస్సును లాగినది చెట్లు కావు. కార్ఖానాలో దినమునకు ఎనిమిది గంటల పని యను నియమమును ఇక్కడ 1912లో పెట్టిరి. మన దేశమున చట్టముగ వచ్చినది 1948లో. ఉచితవైద్యము 1915, జీతముతో సెలవును, ప్రావిడెంటు ఫండును 1920, లాభములో వంతుగ బోనసు 1934. స్త్రీలకు ప్రసూతి భత్యము 1928లోనే యిచ్చిరి. దేశమంతటికి వర్తించు చట్టము 1961 వఱకు రాలేదు. ఇవి యన్నియు యజమానుల దయచేతనే కలిగినవని తలపరాదు. 1920లోను 1928లోను ఇక్కడ గొప్ప సమ్మెలు జరిగినవి. రెండవదానిలో సుభాస్ చంద్ర బోసు కార్మికుల పక్షమున నిలిచెను. 1949లో జెసూట్ సన్యాసులు ఈ యూరిలో స్థాపించిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అను విద్యాలయము పేరులోనే కార్మికసంబంధము లను మాట గలదు. ఇంతకన్న హెచ్.ఆర్. శాఖకు పుట్టినిల్లు ఏది కావలెను? "చూచితివా, నీ శాఖ ఇక్కడ నడివీథిలోనే యున్నది" అని పిల్లతో నంటిమి. అది నవ్వి యూరకుండెను.

పిల్ల దినదినము ఖర్కాయి వంతెన దాటి పనికి బోవుచుండెను. అది ఇనుపభాగములు పోతపోయు చిన్న కార్ఖానా, నలువదిమంది పనివారు. రెండవ వారమున నొకనాడు ముఖము వాడి యింటికి వచ్చినది. ఏడవ తేదీకి ఈయవలసిన జీతములు ఇంకను ముట్టలేదట. పనివారు గేటు దగ్గఱ మౌనముగ నిలువబడిరట. ఇసుక మోయు నొక స్త్రీ పిల్లను కచేరీలోని మనిషి యనుకొని, ఇంటి అద్దెకు గడువు దాటినది, ఎప్పుడిత్తురని అడిగినదట. "యజమాని కఠినుడు" అని ఆ రాత్రి పిల్ల అన్నము సరిగ తినలేదు.

మఱునాడు అది పద్దుపుస్తకములు అడిగి తీసికొన్నది. చూడగా యజమాని కఠినుడు కాడు. పెట్టెలో సొమ్ము లేదు. ఇనుమునకు, కరెంటుకు ముందే చెల్లింపవలెను. సరకు కొన్న పెద్ద సంస్థలు మూడు, నాలుగు నెలలకు గాని సొమ్మీయవు. చిన్న పరిశ్రమలకు 45 దినములలోపల చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది గాని, గట్టిగ నడిగినచో తిరిగి ఆర్డరు రాదని ఆయనకు భయము. అంతకంటె వింత మఱియొకటి: సరకు పంపిన పిమ్మట బిల్లు వ్రాసి పంపుటలోనే ఆ కచేరీలో ఇరువది దినములు జాగగుచుండెను. అడుగని బాకీ ఎవరు తీర్తురు? పిల్ల ఏ బిల్లు సొమ్ము ఏ దినమున రాగలదో, ఏ దినమున ఏమి చెల్లింపవలెనో పెద్ద కాగితముపై గీసి గోడకు అంటించినది. పాత బిల్లు లన్నియు ఒక వారములో పంపించినది.

ఆ దినములలోనే మామగారు 1924 నాటి కథ చెప్పిరి. యుద్ధమైన పిదప కంపెనీ విస్తరణకు అంచనాకు మించి వ్యయమాయెను. 1923లో జపాను భూకంపముచేత అక్కడి పెద్ద బేరము పోయెను. విదేశపుటుక్కు చౌకగ వచ్చి పడుచుండెను. జీతములకు సొమ్ము చాలదని బొంబాయికి తంతి పోయెను. దొరాబ్జీ టాటా తన సొంత యాస్తిని, భార్య మెహర్‌బాయి నగలతో గూడ, ఇంపీరియల్ బ్యాంకున కుదువబెట్టి కోటి రూపాయల ఋణము దెచ్చెను. ఆ నగలలో 245 క్యారెట్ల జూబిలీ వజ్రము గలదు. మన కొల్లూరు గనిదని చెప్పుకొను కోహినూరు ఇప్పుడున్న తూకమునకు అది రెండింతలకు మించినది. ఆ దంపతుల యనంతరము వజ్రము నమ్మగా వచ్చిన ధనము ధర్మకార్యములకు వినియోగమైనది.

వదినగారును మేమును ఆ యిల్లాలు మెడలోని వజ్రమును గూర్చియే తలపోయుచుంటిమి. పిల్ల యన్నది: "పెద్దమ్మా, ఆ 1912, 1920 నియమము లన్నియు కాగితముపైన అప్పటికే యున్నవి గదా. ఆ తంతి వచ్చిన దినమున అవి ఎవరికి అక్కఱకు వచ్చినవి? ప్రసూతి భత్యము ఈయవలెనని వ్రాయుట ఒకటి. ఈయవలసిన దినమున పెట్టెలో సొమ్ముండుట ఒకటి. నేను రెండవ పని నేర్చుకొందును."

"సమ్మె కట్టినవారు లేకున్న ఆ వ్రాతయైన రాదు గదా?" అని మేమంటిమి. ఆ రాత్రి చాలసేపు వాదించుకొంటిమి. వదినగారు మా పక్షము, మామగారు దాని పక్షము. ఇప్పటికిని మా మాట పూర్తిగ తప్పని మే మొప్పుకొనము. అయినను, ఆరు వారములు ఆ గేటు దగ్గఱ నిలిచినది అది, మేము కాము. ఫైనాన్సు ప్రధానముగను, హెచ్.ఆర్. రెండవ శాఖగను తీసికొనుటకు కళాశాలలో వీలున్నదని అది చెప్పగా మేము కొంత శాంతించితిమి.

జూలై నెల జీతములు ఎనిమిదవ తేదీన ముట్టినవి. ఒక్క దినమే ఆలస్యము. అంతయు పిల్ల ప్రయోజకత్వమే యనరాదు. ఒక పెద్ద బిల్లు తాలూకు సొమ్ము ఆ వారమే చేరినది. తొమ్మిదవ నాడు మేము బయలుదేరితిమి. మఱదిగారికి ఫోనులో చెప్పు భారము మాపై బడినది. "లెక్కలు మగపిల్లలకు..." అని ఆయన ఆరంభింపగా, మీ యింటి పద్దు ఇరువదియేండ్లుగ వ్రాయుచున్న దెవరని మే మడిగితిమి. మఱదిగారు మాట మార్చి బండి యెన్ని గంటలకని అడిగిరి.

ఖరగపురమున మరల బండి మాఱవలసివచ్చినది. కూలివాడు పెట్టెలు దించి నెత్తి తుడుచుకొనులోపలనే, పిల్ల వానికీయవలసిన సొమ్ము లెక్కించి చేత బట్టుకొని నిలిచియుండెను.