మా మిషన్ మీద బాగానే నడిచింది!

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనందరికీ తెలిసిందే. కంప్యూటరు లోకంలో ఆ సామెతకు ఒక కొత్త రూపం వచ్చింది. ప్రోగ్రాము రాసినవాణ్ణి పట్టుకుని, "అయ్యా, ఇది మా దగ్గర పనిచేయడం లేదు" అని చెప్పి చూడండి. "మా మిషన్ మీద బాగానే నడిచింది!" అంటాడు. అంటే తప్పు ప్రోగ్రాముది కాదు, మీ మిషన్‌ది. ఇంకా గట్టిగా అడిగితే మీదే! ఈ ఒక్క మాట వెనుక ఎంత కథ ఉందో ఓపెన్ సోర్స్ పనిలో దిగాక గాని నాకు తెలిసిరాలేదు. ఆ సంగతులు మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కంప్యూటరన్న మాట వింటేనే ఆమడ దూరం పరుగెత్తే మిత్రులు కూడా ఈ సంచిక చదువుతారు గనుక, ముందుగా కొంత వివరణ. ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము మూలాన్ని దాచిపెట్టకుండా నలుగురి ముందూ ఉంచడం. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, దిద్దినదాన్ని పంపవచ్చు. పంపినదాన్ని చూసి పుచ్చుకునే పెద్దలను మెయింటైనర్లంటారు. వీరిలో చాలామంది జీతం లేకుండా, తీరిక వేళల్లో ఈ పని చేసేవాళ్ళే. ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని కుర్రాడు పంపిన మార్పు మంచిదో కాదో వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకే టెస్టులుంటాయి. టెస్టంటే ప్రోగ్రామును పరీక్షించే మరో చిన్న ప్రోగ్రాము. మార్పు పంపగానే ఈ టెస్టులన్నీ లినక్స్, విండోస్, మాక్ యంత్రాల మీద వాటంతటవే నడుస్తాయి. అన్నీ పాసైతే పచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. మన పరీక్షల్లాగా మోడరేషన్ మార్కులు కలిపే సదుపాయం లేదు!

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా పూటకో మాట చెప్పే టెస్టులతోనే. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారదు. అయినా పొద్దున పాసైన టెస్టు రాత్రికి తప్పుతుంది. మళ్ళీ నడిపితే పాసవుతుంది. వీటిని ఫ్లేకీ టెస్టులంటారు. వీటిలోనూ మరీ మొండి రకం ఒకటుంది. లోకమంతా పాసై, ఏదో ఒక్క రకం మిషన్ మీదే తప్పుతుంది. నాకు తగిలింది ఆ రకమే.

మాది శంషాబాద్. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలయ్యేదాకా, హైదరాబాదు విమానం ఎక్కాలంటే బేగంపేటే దిక్కు. ఇప్పుడు మా డాబా మీద పడుకుంటే చుక్కలకంటే విమానాల దీపాలే ఎక్కువగా కనిపిస్తాయి. పగలు కాలేజీ, బస్సులు, ఇంటి పనులు. నేను కంప్యూటరు ముందు కూర్చునేది అందరూ పడుకున్నాకే. అప్పట్లో నేను పనిచేస్తున్నది చిన్న చిన్న దుకాణాలూ సంఘాలూ జమాఖర్చులు రాసుకునే ఒక ప్రోగ్రాము మీద. అందులో ఒక టెస్టుంది. ఈ రోజు రాసిన పద్దు ఈ రోజు తేదీతోనే నమోదు కావాలన్నది దాని సారాంశం. ఇంతకంటే అమాయకమైన టెస్టు ఉంటుందా? ఆ అమాయకురాలే నా లాప్‌టాప్ మీద మాటిమాటికీ ఎర్రబడేది. పొద్దున లేచి చూస్తే పచ్చగా నవ్వేది.

విషయం మెయింటైనర్లకు రాశాను. "మా దగ్గర రావడం లేదు, మరొక్కసారి నడిపి చూడండి" అన్నారు. నడిపితే పాసైంది. రెండు రోజుల తరువాత మళ్ళీ తప్పింది. మళ్ళీ రాశాను. ఈసారి ఒక పెద్దమనిషి మర్యాదగానే ఒక ఉపాయం చెప్పాడు: "మీ రకం మిషన్ల మీద ఆ టెస్టును వదిలేసేలా ఒక పంక్తి రాసేద్దాం." ఆయనను తప్పుపట్టను. ఇంటి పనులు చేసుకుని, ఉద్యోగం చేసుకుని, మిగిలిన కాస్త సమయంలో వందమంది గోడు వినేవాడు ఇంకేం చెప్తాడు? కాని నా మనసొప్పలేదు. రెండు వారాలపాటు, తప్పిన ప్రతిసారీ టైము ఎంతైందో నోటు పుస్తకం చివరి పేజీలో రాస్తూ పోయాను. 12.10, 1.40, 3.05, 12.35, 5.20. ఐదున్నర దాటాక ఒక్కటీ లేదు. పగలంతా ఒక్కటీ లేదు.

ఐదున్నర! మన దేశంలో పుట్టినవాడికి ఈ అంకె చూడగానే బుర్రలో గంట మోగాలి. ప్రపంచానికంతటికీ లెక్కగా పెట్టుకున్న యు.టి.సి. అనే గడియారం ఒకటుంది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. శంషాబాద్‌లో పదిహేనో తేదీ తెల్లవారుజామున ఒంటిగంట అయినప్పుడు, యు.టి.సి. లెక్కన ఇంకా పద్నాలుగో తేదీ రాత్రి ఏడున్నరే. మా ప్రోగ్రాము తేదీని యు.టి.సి. నుంచి తీసుకుంటోంది. టెస్టేమో కంప్యూటరున్న ఊరి గడియారం చూస్తోంది. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి ఐదున్నరదాకా ఇద్దరికీ పొత్తు కుదరదు. పరీక్షలు నడిపే యంత్రాలన్నీ యు.టి.సి.లోనే ఉన్నాయి గనుక వాటికి ఈ తగాదా ఎన్నటికీ కనబడదు. మెయింటైనర్లుండేది ఐరోపాలో. అక్కడ తేడా ఒక గంటో రెండు గంటలో. అర్ధరాత్రి దాటిన ఆ గంటలో వాళ్ళు హాయిగా నిద్రపోతుంటారు!

ఇంతకీ ఇదంతా టెస్టు గొడవేనా? కానే కాదు. దుకాణం కట్టేసి, ఇంటికొచ్చి, అన్నం తిని, అర్ధరాత్రి దాటాక లెక్కలు రాసుకునేవాళ్ళు మన దేశంలో ఎంతమంది లేరు? వాళ్ళ పద్దులన్నీ నిన్నటి తేదీతో పడుతున్నాయన్నమాట. ఏప్రిల్ ఒకటో తేదీ తెల్లవారుజామున రాసిన పద్దు మార్చి 31కి, అంటే వెనకటి ఆర్థిక సంవత్సరానికి పోతుంది. టెస్టు నిజమే చెప్పింది. వినేవాడే లేకపోయాడు. ఆ పంక్తి రాసి నోరు నొక్కేసి ఉంటే, మన దేశపు మిషన్ల మీద తప్ప మరెక్కడా సరిగా పట్టుబడని తప్పు, మన దేశపు మిషన్ల మీదే కనబడకుండా పోయేది.

మందు పెద్దదేం కాదు. వాడేవాళ్ళ ఊరి గడియారాన్ని బట్టే తేదీ తీసుకునేలా మూడు పంక్తులు మార్చాను. టెస్టు మాత్రం కొంచెం పెరిగింది. నిజమైన గడియారాన్ని చూడటం మాన్పించి, "ఇప్పుడు భారతదేశంలో రాత్రి ఒంటిగంట" అని మనమే చెప్పి నడిపేలా చేశాను. ఐదు గంటల నలభైఐదు నిమిషాల తేడా ఉన్న నేపాల్‌ను కూడా పనిలో పనిగా చేర్చాను. ఇప్పుడది ఎక్కడ, ఏ వేళ నడిపినా ఒకే మాట చెప్తుంది.

ఈ సంగతి మా వీధిలో ఉండే ఒక అన్నకు చెప్పాను. ఆయన విమానాల మరమ్మతు పనిలో ఉన్నాడు. ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు. మా ఊళ్ళో రెండు కాలాలు పక్కపక్కనే ఉన్నాయట! ప్రయాణికులు చూసే బోర్డు మీద మన టైము. విమానం ప్రయాణ పత్రం మీదా, అరగంటకోసారి వెలువడే వాతావరణ నివేదిక మీదా యు.టి.సి. "ఏ గడియారమో చెప్పకుండ టైము రాస్తే మా దగ్గర నడువది తమ్మీ" అన్నాడు. పూటకో మాట చెప్పే టెస్టుల గురించి అడిగితే ఇంకా మంచి మాట చెప్పాడు.

"ఇగో, పైలట్ గాలిల ఉన్నప్పుడు హెచ్చరిక దీపం ఎలిగిందని పుస్తకంల రాసిండు. మేం నేల మీద చూస్తే ఎలుగుతలేదు. గంతమాత్రాన ఆయన అబద్ధం చెప్పిండంటమా? పైన చలి వేరు, ఒత్తిడి వేరు, అదురుడు వేరు. ఇప్పుడు మంచిగనే ఉన్నదని రాసి సంతకం పెట్టుడు సులువే. మళ్ళ గదే దీపం రేపు గాలిల ఎలిగితే ఎవరు జవాబు చెప్పాలె?"

వాళ్ళ భాషలో దీనికి పేరే ఉంది: "నో ఫాల్ట్ ఫౌండ్". తప్పు దొరకలేదని దాని అర్థం, తప్పు లేదని కాదు. మరి ప్రతి చిన్న లోపానికీ విమానాన్ని ఆపేస్తారా? ఆపరు. ఏ పరికరం పనిచేయకపోయినా ఎన్నాళ్ళు ఎగరవచ్చో చెప్పే ఆమోదించిన జాబితా ఒకటుంటుంది. కొన్నింటికి 3 రోజులు, కొన్నింటికి 10, కొన్నింటికి 120. గడువు రాస్తారు, సంతకం పెడతారు, గడువులోగా బాగుచేస్తారు. మన ప్రోగ్రాముల్లో వదిలేసిన టెస్టులకు లేనిది సరిగ్గా ఆ గడువే. "తాత్కాలికంగా ఆపడమైనది" అన్న వ్యాఖ్య కింద ఏళ్ళ తరబడి నిద్రపోతున్న టెస్టులను నేను చూశాను.

తేదీల గొడవ ఒక్కటే కాదు, ఇలాంటివి ఎన్నో. ఫైలును రెండుసార్లు సేవ్ చేసి, రెండో సమయం మొదటిదానికంటే పెద్దదిగా ఉండాలని ఒక టెస్టు అడిగిందనుకోండి. లినక్స్ మీద పాసు కావచ్చు. విండోస్ గడియారం మాత్రం మామూలుగా సెకనుకు సుమారు 64 సార్లే అడుగు వేస్తుంది. రెండు పనులూ ఒకే అడుగులో అయిపోతే రెండు సమయాలూ ఒకటే. టెస్టు తప్పుతుంది. మధ్యలో "కాసేపు ఆగు" అని రాస్తే ఎర్ర గుర్తు పోతుంది గాని రోగం పోదు. ముందువెనుకలను గడియారంతో కొలవడమే అసలు తప్పు. వరుస సంఖ్య వేస్తే ఏ మిషన్ మీదైనా ఒకటే.

ఈ విషయం మీద విజ్ఞులు చేసిన పరిశోధనలు కూడా ఉన్నాయి. 2014లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయం వారు 51 అపాచీ ప్రాజెక్టులలో, ఇలాంటి టెస్టులను బాగుచేసిన 201 మార్పులను పరిశీలించారు. అవతలి పని పూర్తికాకముందే ఫలితం చూడబోవడం అన్నిటికంటే పెద్ద కారణంగా తేలింది. విశేషమేమంటే, వారు చూసిన ఫ్లేకీ టెస్టులలో నూటికి 96 పాళ్ళు ఏ ఒక్క రకం మిషన్‌కూ ప్రత్యేకమైనవి కావు. అంటే ఇక్కడ తప్పింది రేపు అక్కడా తప్పవచ్చు. గూగుల్ అంతటి సంస్థే తమ టెస్టులలో సుమారు నూటికి 16 ఎంతో కొంత నిలకడ లేనివని 2016లో చెప్పుకుంది. నామోషీ పడవలసిన పనేమీ లేదు. పట్టించుకోకపోవడమే ప్రమాదం. "నాన్నా పులి" కథ మనకు తెలియనిదా? రోజూ ఉత్తుత్తిగా ఎర్రబడే టెస్టును చూసి చూసి, నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ కర్ర పట్టుకుని కదలరు.

ఇక మన అక్షరానికి జరిగిన అవమానం చెప్పి ముగిస్తాను. 2018 ఫిబ్రవరిలో "తెలుగు అక్షరం పంపితే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయి" అని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆ అక్షరం "జ్ఞా". మనం రోజూ రాసే రూపం కాదు, మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి చేరిన రూపం. మిగతా ఫోన్లలో ఏమీ కాలేదు. దోషం ఆపిల్ వారి ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అక్షరాలను గీసే భాగంలో ఉంది. ఫిబ్రవరి 19న 11.2.6 అనే కొత్త రూపం విడుదల చేసి వారు దాన్ని సరిదిద్దారు. కాని ఆ నాలుగు రోజులూ అపఖ్యాతి మోసింది మన "జ్ఞా"యే. సాక్షిని దొంగ అనడమంటే ఇదే.

జూనియర్ మిత్రులకు నా మనవి ఒక్కటే. మన దగ్గర ఖరీదైన మిషన్లు లేవనీ, పెద్ద ఊళ్ళో లేమనీ, మన వల్ల ఏమవుతుందనీ వెనుకాడకండి. మీ పాత లాప్‌టాపూ, మీరు కూర్చునే అర్ధరాత్రీ, మీ తెలుగు అక్షరాలూ, మన ఐదున్నర గంటలూ ఆ పెద్ద ప్రాజెక్టుల దగ్గర లేనివి. మీ దగ్గర మాత్రమే టెస్టు తప్పిందంటే, మరెవరికీ కనబడనిది మీకు కనబడిందన్నమాట. మళ్ళీ నడిపే ముందు టైమూ, మిషన్ వివరమూ, టెస్టులు ఏ వరుసలో నడిచాయో రాసిపెట్టుకోండి. తప్పును మీరే రప్పించగలిగేదాకా వదలకండి. టెస్టును ఆపక తప్పకపోతే కారణమూ, గడువూ రాయండి. అవతలివాళ్ళు "మా మిషన్ మీద బాగానే నడిచింది" అంటే కోపం తెచ్చుకోకుండా, "సంతోషమండీ, మా మిషన్ మీద ఎందుకు నడవలేదో ఇదిగో" అని ఆ కాగితం ముందు పెట్టండి.