నగిషీ తుపాకికి ఖరీదు కట్టిన కథ

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు దేవరకొండ పక్కన. తాతయ్య నిజాం జమానాలో పోలీసు పటేలు. ఆయన వదిలివెళ్ళిన డబుల్ బ్యారెల్ తుపాకి ఒకటి ఇంకా ఆ ఇంట్లో ఉంది. ఏటా దసరాకి బీరువాలోంచి తీసి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ లోపల పెట్టేస్తారు. మొన్న దసరాకి వెళ్తే చిన్నమామ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు కంప్యూటరోనివి గదరా, నెట్ల జూసి ఎంతొస్తదో చెప్పు. లండన్ మాలు. బంగారం తీగ పొదిగిండ్రు. ఇసొంటియి ముప్పై లక్షలు పల్కుతయంట."

పెద్దమామ పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పిల్లలకీ చిన్నమామకీ మధ్య పంపకాలు నడుస్తున్నాయి. పొలం లెక్క తేలింది గానీ తుపాకి లెక్క తేలలేదు. సరే, మన జాతి లక్షణం కదా, ఎక్సెల్ షీటు తెరిచాను :)

మొదటి కాలమ్: ఎవరు చేశారు? పర్డీ, హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ కంపెనీల తుపాకి అయితే వరస నంబరు పట్టుకుని వాళ్ళ పాత లెడ్జర్లలో పుట్టుపూర్వోత్తరాలు తీయొచ్చు. మా దాని గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారపు గడిలో ఇ.ఎల్.జి. అనే అక్షరాలున్నాయి. అది బెల్జియంలోని లియేజ్ పరీక్షా కేంద్రం ముద్ర. ఒకప్పుడు అక్కణ్ణుంచి చవక తుపాకులు ప్రపంచమంతా వెళ్ళేవి. లండన్ ఆశ అక్కడే పోయింది.

రెండో కాలమ్: గొట్టాలు. వాటి మీద నీటి అలల్లాంటి చారలున్నాయి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి, చుట్టి అతికించే డమాస్కస్ పద్ధతి అది. చూడ్డానికి బాగుంటుంది గానీ నల్లమందు కాలానికి సరిపోయిన పని. ఇప్పటి తూటా వేసి పేలిస్తే గొట్టం చీలినా చీలొచ్చు.

మూడో కాలమ్: నగిషీ. చేత్తో చెక్కిన గీత భూతద్దంలో ఒక్కోచోట ఒక్కో లోతులో కనబడుతుంది. మా తుపాకిలో అంచులే మిగల్లేదు. ప్రతి దసరాకీ ఇసుక కాగితంతో తళతళా తోమారట! పాత తుపాకి విలువ పోగొట్టడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. ఇక బంగారం తీగ చివర్లకి పచ్చగా చిలుము పట్టింది. బంగారానికి చిలుము పట్టదు. అది ఇత్తడి. అసలు పొదుగు పని ఎలా ఉంటుందో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగానికి వెళ్ళండి.

ఇవన్నీ నింపాక గానీ నాకు అసలు ప్రశ్న తట్టలేదు. "లైసెన్సు ఎవరి పేరు మీదుంది మామా?"

"అన్న పేరు మీద."

అంటే ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దాన్ని పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. 2019 సవరణ తర్వాత ఇలాంటి నేరానికి రెండు నుంచి ఐదేళ్ళ జైలు. పురాతన వస్తువు అని తప్పించుకుందామంటే, మరమ్మతు చేసినా పేలనిదైతేనే ఆ మినహాయింపు.

ఇండియాలో ఈ ధరల కిటుకంతా లైసెన్సులోనే ఉంది. 1980ల నడుమ నుంచి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది కాబట్టి, పనిచేసే పాత ఫారిన్ తుపాకికి గిరాకీ ఉంది. కానీ కొనేవాడికీ లైసెన్సుండాలి. 2019 నుంచి ఒక మనిషికి మూడు కాదు, రెండే. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే. వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం కింద బయటి దేశానికి పంపడం కుదరదు. లండన్ వేలంలో పలికే ధర చూసి దేవరకొండలో గుటకలు మింగడం దండగ. కీ లేని సాఫ్ట్‌వేర్ సీడీ ఎంత అందమైన డబ్బాలో ఉంటే ఏం లాభం?

ఇంతలో జమ్మి పెట్టడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఎనభై ఐదు దాటాయి. చిన్నతనంలో ఆ ఇంట్లోనే వెట్టి చేశాడు. తుపాకి చూసి కాసేపు నిలబడిపోయాడు.

"ఇది పేలంగ నేనెన్నడు సూడలే బిడ్డా. పేలాల్సిన పనే లేకుండె. పటేలు భుజానికేసుకొని నడిస్తే సాలు, ఎండకు మెరిసేది. మేం పక్కకు జరిగెటోళ్ళం."

నాకు నోట మాట రాలేదు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల తుపాకి పేలి దొడ్డి కొమరయ్య చనిపోయాడని పుస్తకాల్లో చదివాను. పేలని తుపాకులు ఊరూరా చేసిన పని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నేను భూతద్దం పెట్టి వెతికిన నగిషీ ఉన్నది ఆ మెరుపు కోసమే. మా ఇంట్లో దాన్ని ముచ్చటగా చూసుకున్నారు. ఆయన దాన్నుంచి పక్కకి జరిగాడు. నా షీటులో దానికి కాలమ్ లేదు.

మర్నాడు చిన్నమామా, పెద్దమామ కొడుకూ కలిసి వెళ్ళి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. ఆలస్యానికి నాలుగు చీవాట్లు తిన్నారు. చిన్నమామ ఇంకా నా మీద కోపంగానే ఉన్నాడు. "ముప్పై లక్షలన్నోడివి ముప్పై వేలు గూడ చెప్పకపోతివి" అంటాడు. ముప్పై లక్షలన్నది నేను కాదు మహాప్రభో!

మీ ఊళ్ళో, మీ బీరువాలో ఇలాంటిది ఉంటే ధర తర్వాత చూసుకోవచ్చు. ముందు లైసెన్సు ఎవరి పేరు మీదుందో చూడండి. ఆ తర్వాత, వీలైతే, ఆ తుపాకి ముందు నుంచి నడిచినవాళ్ళనీ ఓసారి అడగండి.