ఎర్రమంజిల్ ఎత్తుపల్లాలు, హైబ్రిడ్ కారు ఇంధనపు లెక్క

హైబ్రిడ్ ఎస్‌యూవీ కొన్నవారికి ఇంధనం విషయంలో నాలుగు అంకెలు ఎదురవుతాయి: తయారీదారు ప్రకటించిన మైలేజి, కారు తెర మీద వెలిగే సగటు, ఇంధన సూచికలో మిగిలిన గీతలు, పెట్రోలు బంకులో చేతికిచ్చే బిల్లు. ఈ నాలుగూ ఒకే మాట చెప్పాలని కొనుగోలుదారు ఆశిస్తాడు. కానీ మొదటిది ప్రయోగశాలలో రోలర్ల మీద తిరిగిన చక్రాల లెక్క, రెండవది ఇంజనులోకి పిచికారీ అయిన పెట్రోలును గురించిన అంచనా, మూడవది ట్యాంకులోని ద్రవం ఎంత ఎత్తున ఉందన్న కబురు, నాలుగవది నాజిల్ గుండా పోయిన లీటర్ల కొలత కావడం వల్ల అవి కలవకపోవడమే సహజం, కలిస్తేనే ఆశ్చర్యపడాలి. ఇంతకన్నా విచిత్రమైన సంగతి మరొకటి ఉంది: కారు ఎంత పొదుపరిదైతే ఈ తేడాలు అంత పెద్దవిగా కనిపిస్తాయి, ఆ పొదుపును కొలవడం అంత కష్టమవుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి హైదరాబాదులో ఎర్రమంజిల్ కన్నా అనువైన చోటు దొరకడం కష్టం. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న ప్యాలెస్, ఆ చుట్టుపక్కల పౌర సరఫరాల భవన్, నీటిపారుదల శాఖవారి జలసౌధ వంటి ప్రభుత్వ కార్యాలయాలు, దిగువన పంజాగుట్ట కూడలి నుంచి ఖైరతాబాదు వైపు సాగే రహదారి, ఆ రహదారి నడుమ 2018 సెప్టెంబరులో అమీర్‌పేట – ఎల్బీనగర్ మార్గం తెరుచుకున్ననాటి నుంచి రైళ్లను మోస్తున్న మెట్రో స్తంభాలు, అన్నీ కొద్దిపాటి దూరంలోనే ఉన్నాయి. ఎక్కుడు, దిగుడు, కూడలి దగ్గర నిలబడటం, వేసవి ఎండ, ఆఫీసు వేళల రద్దీ: హైబ్రిడ్ యంత్రం బలాన్నీ బలహీనతనూ బయటపెట్టే పరిస్థితులన్నీ ఇక్కడ ఒక్కచోటే కలిసి వస్తాయి.

2022 సెప్టెంబరులో భారతీయ విపణిలోకి వచ్చిన టయోటా అర్బన్ క్రూజర్ హైరైడర్, మారుతి సుజుకి గ్రాండ్ విటారా ఈ తరగతి కార్లకు మంచి ఉదాహరణలు. రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలోని టయోటా కర్మాగారంలోనే తయారవుతాయి. వీటి స్ట్రాంగ్ హైబ్రిడ్ రకంలో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, 0.76 కిలోవాట్ అవర్ సామర్థ్యం గల లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. కిలోవాట్ అవర్ అంటే ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్. అంటే ఈ బ్యాటరీలో పట్టే విద్యుత్తు ఒక యూనిట్ కూడా కాదు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల ఉష్ణశక్తి దాగి ఉంటుందన్న లెక్కన చూస్తే, నిండిన బ్యాటరీలోని శక్తి 85 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. అందువల్ల హైబ్రిడ్ కారు కరెంటుతో నడుస్తుందన్న మాట సగమే నిజం. దాని శక్తి అంతా చివరికి పెట్రోలు నుంచే వస్తుంది. బ్యాటరీ చేసేదల్లా బ్రేకు వేసినప్పుడు వేడిగా మారి వృథా అయ్యే వేగాన్ని మోటారు ద్వారా కరెంటుగా మార్చి దాచుకోవడం, ఇంజను అసమర్థంగా పనిచేసే మెల్లని వేగాల్లో దానికి విశ్రాంతినివ్వడం. ఈ రెంటికీ తోడు, గాలిని నొక్కే దశ కన్నా మండిన వాయువు వ్యాకోచించే దశను పొడవుగా ఉంచి ప్రతి చుక్క నుంచీ ఎక్కువ పని రాబట్టుకునే అట్కిన్సన్ పద్ధతిని ఇంజను పాటిస్తుంది.

ఈ కార్లు మొదట వచ్చినప్పుడు ప్రకటించిన మైలేజి లీటరుకు 27.97 కిలోమీటర్లు. రెండవ దశాంశ స్థానం వరకూ చెప్పిన అంకెలో ఒక విధమైన శాస్త్రీయ గాంభీర్యం ఉంటుంది గాని, అది పుట్టిన పరీక్ష స్వభావం తెలియకపోతే ఆ గాంభీర్యం తప్పుదారి పట్టిస్తుంది. పాత యూరోపియన్ పరీక్షను మన దేశపు వేగాలకు సవరించి రూపొందించిన ఈ పరీక్షను మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అంటారు. కారు చక్రాలను రోలర్ల మీద నిలిపి, 195 సెకన్ల నగర భాగాన్ని నాలుగుసార్లు, 400 సెకన్ల ఊరి వెలుపలి భాగాన్ని ఒకసారి, గరిష్ఠంగా 90 కిలోమీటర్ల వేగం మించకుండా నడుపుతారు. ఏసీ ఆపి ఉంచుతారు. నగర భాగంలో నిలిచిన కారు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 26 సెకన్ల గడువు ఉంటుంది. పంజాగుట్ట కూడలిలో పచ్చదీపం వెలిగాక వెనుకనున్న ఆటోవాడు 26 సెకన్లు కాదు గదా, రెండు సెకన్లు ఓపిక పట్టినా గొప్పే. ఈ పరీక్ష అబద్ధమాడుతుందని దీని అర్థం కాదు. వేర్వేరు కార్లను ఒకే తక్కెడలో తూచి పోల్చడానికి అది పనికివస్తుంది, ఒక వీధిలో ఒక మధ్యాహ్నం ఎంత పెట్రోలు కాలుతుందో చెప్పడానికి అది పుట్టలేదు.

పరీక్షకూ వీధికీ మధ్య తేడాలో అధిక భాగం, ముఖ్యంగా తెలంగాణ వేసవిలో, ఏసీ దగ్గర తేలుతుంది. ఇంజను దూరాన్ని బట్టి పెట్రోలు తాగితే ఏసీ కాలాన్ని బట్టి తాగుతుంది. కారు కదిలినా కదలకపోయినా దానికి గంటకింత అని చెల్లించవలసిందే. లెక్క కోసం ఏసీ సగటున గంటకు ఒక యూనిట్ వాడుతుందనీ, లీటరు పెట్రోలు నుంచి నష్టాలన్నీ పోగా 3 యూనిట్ల కరెంటు తయారవుతుందనీ అనుకుంటే, గంటసేపటి చల్లదనానికి లీటరులో మూడో వంతు ఖర్చవుతుంది. ఏసీ లేకుండా లీటరుకు 25 కిలోమీటర్లిచ్చే కారు ఆఫీసు వేళ రద్దీలో గంటకు 20 కిలోమీటర్లు సాగితే, ప్రయాణానికి 800 మిల్లీలీటర్లు, చల్లదనానికి మరో 330 కలిసి మైలేజి 18 లోపుకు దిగుతుంది. అదే కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు పోతూ ఏసీ లేకుండా 22 ఇస్తుందనుకుంటే, ఏసీ వేశాక 20 దాకా నిలబడుతుంది. మొదటి సందర్భంలో ఏసీ మింగింది దాదాపు 30 శాతం, రెండవ దానిలో 8 శాతం. ఊళ్లోనే ఎక్కువ మైలేజి ఇవ్వడం హైబ్రిడ్ల ప్రత్యేక గుణమన్న మాటలో నిజముంది. కాని ఆ ఊరు కదిలే ఊరై ఉండాలి. నిలిచిపోయిన రద్దీలో ఇంజను ఆగి ఉన్నా ఏసీ బ్యాటరీని తోడేస్తూనే ఉంటుంది; కొన్ని నిమిషాలకు బ్యాటరీ అడుగంటి ఇంజను తనంతట తానే మేల్కొంటుంది. ఎండాకాలంలో మైలేజి పడిపోయిందని సర్వీసు సెంటరుకు వెళ్లే ఫిర్యాదుల్లో ఎన్నింటికి ఈ చిన్న కూడికే జవాబు కాగలదో!

గుట్ట లెక్క దీనికి తమ్ముడి వంటిది. మనుషులతో కలిపి 1,400 కిలోల కారు 40 మీటర్ల ఎత్తు ఎక్కితే, భౌతికశాస్త్రం ప్రకారం అది కూడబెట్టుకున్న శక్తి 0.15 యూనిట్, దానికి సుమారు 50 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. సాధారణ కారు దిగేటప్పుడు ఆ శక్తిని బ్రేకుల వేడిగా గాలికి వదిలేస్తే, హైబ్రిడ్ అందులో కొంత బ్యాటరీకి తిరిగి చేరుస్తుంది. అయితే బ్యాటరీ అప్పటికే నిండి ఉంటే దాచుకోవడానికి చోటుండదు. అందుకే బంజారాహిల్స్ వైపు నుంచి దిగివచ్చిన కారు తెర మీద సగటు ఉబ్బినట్టు కనిపించడం, అదే కారు తిరుగు ప్రయాణంలో ఎక్కుడు ఎక్కగానే దిగజారడం రెండూ నిజమే, రెండూ అర్ధసత్యాలే. పోనూ రానూ కలిపి చూడని మైలేజి ఎంత ఘనంగా ఉన్నా దానితో పనిలేదు.

ఇంధనం కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలులో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. మామూలు పెట్రోలుకు తయారై 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజి 6 – 7 శాతం, 10 శాతానికి తయారై 20కి సర్దిన వాటిలో 1 – 2 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే పేర్కొంది.

ఇక సూచిక సంగతి. ట్యాంకులో ఒక చేతికి బిగించిన తేలే బెండు ద్రవంతో పాటు లేస్తూ పడుతూ ఉంటుంది. ఆ చేయి కదిలినప్పుడు విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కారులోని కంప్యూటరు లీటర్లుగా అనువదించుకొని తెర మీద గీతలుగా చూపుతుంది. బెండుకు తెలిసింది ఎత్తు మాత్రమే, పరిమాణం కాదు. వెనుక సీటు కింద ఇరుకు చోటులో సర్దడానికి ట్యాంకును వంకరటింకరగా, బల్లపరుపుగా మలుస్తారు గనుక ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు ఒక్కో చోట వేర్వేరు లీటర్లు పడతాయి. దీనికి తోడు రోడ్డు మీద పెట్రోలు అలలా ఊగుతూ ఉంటే గీతలు గంతులేయకుండా ఉండేందుకు కంప్యూటరు కావాలనే నిదానంగా స్పందిస్తుంది. ఎర్రమంజిల్ కాలనీ వాలులో రాత్రంతా నిలిపిన కారును పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు గీత ఒకటి పెరగడమో తరగడమో జరిగితే, పెట్రోలు ఎవరో తీశారని వాచ్‌మన్‌ను అనుమానించనక్కర్లేదు. వాలు వల్ల ద్రవం ఒక పక్కకు ఒరిగిందని గుర్తుపెట్టుకుంటే చాలు. వేడికి పెట్రోలు వ్యాకోచం కూడా చిన్నదేమీ కాదు: 45 లీటర్ల నిండు ట్యాంకు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా ఉబ్బుతుంది.

సూచిక వల్ల కలిగే తికమక అంతా వాడేవారి అపోహే అనడానికి మాత్రం వీల్లేదు. 2024 డిసెంబరు 9కీ 2025 ఏప్రిల్ 29కీ మధ్య తయారైన 39,506 గ్రాండ్ విటారా కార్లలో ఇంధన సూచిక, ఇంధనం తగ్గిందని హెచ్చరించే దీపం సరిగా పనిచేయకపోవచ్చునని ప్రకటించి, మారుతి సుజుకి 2025 నవంబరులో వాటిని వెనక్కు పిలిచింది. ఇదే లోపానికి టయోటా 11,529 హైరైడర్ కార్లను పిలిచింది. అమెరికాలోనైతే 2019లో వచ్చిన రావ్4 హైబ్రిడ్‌ది ఇంకో రకం చిక్కు. దాని ట్యాంకు 14.5 గ్యాలన్లది, అంటే దాదాపు 55 లీటర్లది. సూచిక ఖాళీ అని చూపాక నింపబోతే అందులో చాలా తక్కువే పట్టేది. ట్యాంకు ఆకృతిలోని తేడాలే దీనికి కారణమని టయోటా ఒప్పుకొని, తరువాత ట్యాంకునూ లోపలి బెండు పరికరాన్నీ మార్చి ఇచ్చింది. గమనించవలసిందేమంటే, అక్కడ మైలేజి మీద ఫిర్యాదు తక్కువ, నిండు ట్యాంకుకు ఎన్ని మైళ్లు పోతుందన్న దాని మీదే ఎక్కువ. 2008 మోడళ్ల నుంచి అమెరికా పరీక్షలో ఏసీ వేసి నడిపే భాగం, చలిలో నడిపే భాగం కూడా చేరడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అంకె వీధికి దగ్గరగా ఉంటే అసంతృప్తి మరొక చోటు వెతుక్కుంటుంది.

తెర మీది సగటు ఇంకొక దారిలో వస్తుంది. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుందో లెక్కించి, ఆ లెక్కన తేలిన పెట్రోలుతో దూరాన్ని భాగించగా వచ్చేది అది. చాలా కార్లలో ఇది అసలు కన్నా కొద్ది శాతం ఎక్కువే చూపుతుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చునో చెప్పే అంకె ఈ అంచనాను బెండు చెప్పిన అంచనాతో గుణించి తీసినది కాబట్టి, రెండింటి దోషాలూ దానిలో కలుస్తాయి. నిన్నటి ఔటర్ రింగ్ రోడ్డు అలవాటుతో 600 అని చూపిన కారు, ఇవాళ పంజాగుట్ట దాటేసరికి 540 అంటే, నడిచిన 8 కిలోమీటర్లకు 60 పోయాయని కంగారుపడేవారు ఉన్నారు. ఆ అంకె ఒక జోస్యం మాత్రమేనని కారు ఎక్కడా రాసి పెట్టదు.

అందువల్ల అనుభవజ్ఞులు ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క కడతారు: నాజిల్ దానంతటది ఆగేవరకు నింపి, ట్రిప్ మీటరును సున్నా చేసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ అలాగే నింపి, కిలోమీటర్లను లీటర్లతో భాగించడం. పద్ధతి సరైనదే గాని, నాజిల్ ఆగడమన్నది కూడా ఒక అంచనాయే. నాజిల్ కొన దగ్గరి చిన్న రంధ్రం పెట్రోలుతో మూసుకుపోయినప్పుడు లోపలి గాలి పీడనం మారి మీట విడిపోతుంది. పంపు వేగం, కారు నిలిచిన వాలు, పైకి లేచిన నురగ వీటిని బట్టి అది అర లీటరో లీటరో ముందు వెనుకలుగా ఆగవచ్చు. ఇక్కడే పొదుపరి కారు కొలతకు లొంగదు. లీటరుకు 10 ఇచ్చే పాత ఎస్‌యూవీ 500 కిలోమీటర్లకు 50 లీటర్లు తాగితే లీటరు తేడా 2 శాతమే. 25 ఇచ్చే హైబ్రిడ్ అదే దూరానికి 20 లీటర్లే తాగుతుంది గనుక అదే లీటరు 5 శాతమవుతుంది. 200 కిలోమీటర్లకే లెక్క తీస్తే 12 శాతం దాటుతుంది. అంటే 22 అసలు మైలేజి ఉన్న కారుకు ఒక వారం 25, మరో వారం 20 రావడంలో కారు తప్పూ లేదు, డ్రైవరు తప్పూ లేదు. ఇక బంకు ముందు ఆగి "వెయ్యి రూపాయలకు కొట్టు" అనే అలవాటుంటే, లీటరు 107 రూపాయలు దాటిన 2025 నాటి ధరకు 9 లీటర్ల చిల్లర పడి, ట్యాంకు ఎన్నడూ నిండక, ఏ లెక్కా మొదలే కాదు. భాగించబోయే కిలోమీటర్లు సైతం చక్రం చుట్లను లెక్కపెట్టగా వచ్చినవే: హైరైడర్ టైరు వ్యాసం సుమారు 690 మిల్లీమీటర్లు, ముఖం 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 12 తగ్గి, అదే దూరానికి చుట్లు ఎక్కువై, మీటరు 1.8 శాతం ఎక్కువ దూరం చూపుతుంది. టైర్లు అరిగేకొద్దీ కాగితం మీద మైలేజి మెరుగుపడటం ఈ లెక్కలోని చమత్కారం.

ఈ మొత్తం వ్యవహారంలో చట్టం నేరుగా పర్యవేక్షించే కొలత పంపుది. తూనికలు కొలతల శాఖ ముద్ర పంపు మీద పడుతుంది, కారులోని సూచిక మీద పడదు. పంపు 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు, అంటే అర శాతం, అటూ ఇటూ పోవడానికి మాత్రమే అనుమతి ఉంది. అనుమానమున్న వినియోగదారు బంకులో ఉంచే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రలో పోయించి చూపమని అడగవచ్చు. బంకు కుర్రవాడు "జీరో చూసుకోండి సార్" అన్నప్పుడు తలతిప్పి చూసే కొద్ది క్షణాలు, కారు తెరలోని సగటును గంటలకొద్దీ చూడటం కన్నా ఎక్కువ విలువైనవి. ఎండాకాలాన్నీ వానాకాలాన్నీ కలుపుకొని, నిండు ట్యాంకుల బిల్లులన్నీ కూడి, మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో ఒకేసారి భాగిస్తే, నాజిల్ ఆగడంలోని పొరపాటు మొదటి నింపుడు దగ్గరా చివరి నింపుడు దగ్గరా తప్ప మధ్యలో ఎక్కడా లెక్కను చెడగొట్టదు.