ఒంట్లో నీరుగంటి

మా అత్తకు బీపీ ఉందని బత్తలపల్లిలో మా వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క మా అత్త తప్ప.

"తల తిరిగేది ల్యా, కండ్లు మసకయ్యేది ల్యా, ఏంటికే నాకు మాత్రలు? గుండ్రాయి లెక్క ఉండా" అనేది. నాలుగు నెలలు వేసుకుని, బాగానే ఉంది కదా అని ఆరు నెలలు మానేసింది. ఈవిడ నాకు అత్తగారు కాకముందే మేనత్త. అందుకని నేను చనువుగా "నువ్వు" అంటాను, ఆవిడ నన్ను ఏమైనా అంటుంది.

రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెబుతారు. వారెప్పుడూ సంగటిలోకి ఊరమిరపకాయ నంజుకుని ఉండరని నా అనుమానం.

ఉప్పు సంగతి అలా ఉండగా అత్తకు మోకాళ్ళ నొప్పులు. అంగడిలో నొప్పిమాత్రలు తెచ్చి ఇస్తే రోజుకు రెండు చొప్పున ఏడాది పాటు మింగింది. తెచ్చిందెవరనుకున్నారు? నేనే. బీపీ మాత్రలు మానితే అడగలేదు గానీ, ఇవి అయిపోకముందే ఇంకో అట్ట తెచ్చిపెట్టే కోడల్ని.

ఒకరోజు పొద్దున చెప్పుల్లో ఆవిడ పాదం పట్టలేదు. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడలేదు. నా గుండె జారిపోయింది.

ఊళ్ళోనే ఆర్.డి.టి. ఆస్పత్రి ఉండటం మా అదృష్టం. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థది. బీపీ చూస్తే 190/110. రక్తం, మూత్రం పరీక్ష చేశారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందట, రక్తంలో క్రియాటినిన్ పెరిగిందట. మా చెల్లెలి వయసున్న డాక్టరమ్మ, "కిడ్నీలు దెబ్బతిన్నాయమ్మా" అని నెమ్మదిగా చెప్పింది.

"బీపీ గుండెది కదమ్మా. కిడ్నీకీ దానికీ ఏం పొత్తు?" అంది అత్త.

నిజం చెప్పొద్దూ, అదే సందేహం నాకూ ఉంది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. పిడికెడంత ఉండే ఈ రెండింటి గుండా నిమిషానికి లీటరుకు పైగా రక్తం పారుతుందట. రోజుకు 180 లీటర్ల నీరు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకే పంపుతాయట. లెక్కలు వింటూ అత్త గోడమీది కేలండరు చూస్తోంది.

ఇంటికొచ్చాక నేనే మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ నాన్న, అంటే మా తాత, చెరువుకు నీరుగంటి. మీ వైపు ఏమంటారో గానీ, చెరువు మట్టం చూసి తూము ఎత్తడం, దించడం, మళ్ళకు వంతులవారీగా నీళ్ళు పారించడం నీరుగంటి పని.

"అత్తా, కిడ్నీ మన ఒంట్లో నీరుగంటి. రక్తం పోటు ఎక్కువైతే తూమెత్తి ఉప్పునూ నీళ్ళనూ బయటికి వదుల్తుంది. తగ్గితే తూము బిగించి, రెనిన్ అనేదాన్ని రక్తంలోకి వదుల్తుంది. దానివల్ల పుట్టే ఇంకో పదార్థం రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పును పోనీకుండా పట్టి ఉంచమంటుంది. పోటు మళ్ళీ లేస్తుంది."

అత్త తమలపాకు తొడిమ తుంచడం ఆపింది.

ఈ రెనిన్‌ను 1898లో స్టాక్‌హోమ్‌లో కుందేళ్ళ కిడ్నీల్లో కనిపెట్టారు. 1934లో గోల్డ్‌బ్లాట్ అనే అమెరికా డాక్టరు, కుక్కల్లో కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని కాస్త నొక్కి పెడితే ఒళ్ళంతా బీపీ పెరుగుతుందని చూపించాడు. అది కూడా చెప్పాను.

"అంటే వాని గుడిసె కాడికి పోయే కాలవ పూడింది. చెరువు నిండా నీళ్ళుండినా వానికి కనపడవు. తూము ఇంకా బిగిస్తాడు. వాని తప్పేముందిలే, పాపం" అంది అత్త. నాకు గంట పట్టిన విషయం!

"ఇంకోటుంది. పోటు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కిడ్నీలోని సన్నటి వడపోత నాళాలే పాడైపోతాయి."

"తూమే కొట్టకపోతే ఇంక చెరువు నీరుగంటి మాట యాడ వింటాది?"

ఆ మాటకు నాకు గొంతు పట్టేసింది. అసలు సంగతి దాచుకోలేకపోయాను. నొప్పిమాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, ఉప్పునూ నీళ్ళనూ ఒంట్లో నిలవేస్తాయి, బీపీ మందును సరిగా పనిచేయనివ్వవు. ఆ డాక్టరమ్మ వాటి అట్ట చూసి "ఇవెవరు ఇచ్చారు?" అని అడిగినప్పుడు నేను తల వంచుకున్నాను. అదీ చెప్పాను.

అత్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నొప్పికని తెచ్చినావు. చంపాలని తేలేదు కదా. పోయి పొయ్యిమీద ఎసరు చూడు" అంది.

పోయిన దాన్ని తిరిగి తేలేమనీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు ఆవిడ వేసుకునే మాత్ర రెనిన్ మొదలెట్టిన పనికే మధ్యలో అడ్డుపడుతుందట. ఆ జాతి మందుకు దారి చూపింది బ్రెజిల్ పాము విషం అంటే, "మన పాములేం పాపం చేసినాయి?" అంది. వేసుకున్నాక రక్తపరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించాలి, చేయిస్తున్నాం. మోకాళ్ళకు వేన్నీళ్ళ కాపడం, డాక్టరు రాసిన వేరే మాత్ర. ఊరమిరపకాయల డబ్బా అటకెక్కింది.

మొన్న నెల చూపించుకోవడానికి వెళితే 138/84. అత్త నర్సమ్మతో, "మా కోడలికి కూడా ఒకసారి చూడమ్మా" అంది. వద్దు వద్దంటున్నా చేయి చాపించారు. 152/96.

"తల తిరిగేది ల్యా, కండ్లు మసకయ్యేది ల్యా" అని నేను నసుగుతున్నాను. అత్త నా వంక చూసిందే గానీ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే మాత్రం నా కంచంలోంచి ఊరగాయ ముక్క తీసి అవతల పెట్టింది.