పరశురాముడు రాని రాత్రి

నేను తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా క్లాసులో ఆదిభట్ల నారాయణదాసుగారి ప్రసక్తి వచ్చినప్పుడల్లా బోర్డుమీద "హరికథా పితామహుడు" అని రాస్తున్నాను. పిల్లలు దాన్ని నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. ఒక ఫాల్గుణ మాసంలో ఓ అమ్మాయి లేచి, "మాష్టారూ, మీరు హరికథ మొదలంటా చివరంటా ఎప్పుడు విన్నారండీ?" అని అడిగింది.

ఎప్పుడు విన్నాను? చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్లో పడుకొని విన్నాను. అంటే నిద్రపోయేనన్నమాట. తరవాత రేడియోలో అరగంట. గంట కొట్టేసేరు కాబట్టి ఆ పూటకి పరువు దక్కింది.

శ్రీరామనవమి ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖపట్నంలో రైలెక్కేను. బొబ్బిలిలో దిగి అజ్జాడ వెళ్లేను. సువర్ణముఖి ఒడ్డున చిన్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. వేసవి కావడంతో ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. 1864 ఆగస్టు 31న నారాయణదాసుగారు ఇక్కడ పుట్టేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. పసితనంలో ఓ పుస్తకాల దుకాణం ముందు కూర్చుని భాగవతంలో పద్యాలు వల్లిస్తే, దుకాణదారు ముచ్చటపడి పుస్తకం ఊరికే ఇచ్చేశాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ లెక్కన ఆయన మొదటి సంభావన ఒక పుస్తకమే.

చదువుకని విజయనగరం వచ్చిన ఈ కుర్రవాడు 1883లో, చెన్నపట్నం నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విన్నాడు. మరెక్కడా కాలు నిలవలేదు. గురువంటూ ఎవరూ లేకుండానే ధ్రువచరిత్ర కట్టుకొని, గజ్జె కట్టేడు. అప్పటికి పందొమ్మిదేళ్లు! తన మొదటి ముప్ఫయి ఏళ్ల సంగతులు "నా యెఱుక" అన్న పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. చదవనివాళ్లు తప్పక చదవండి. మనలో చాలామంది దాచుకొనే తప్పులు అందులో ఆయన దాచుకోలేదు.

ఈ హరికథ చెప్పడమన్నది ఎలాంటి పనో ఒక్కసారి ఆలోచించండి. నాటకంలో రాముడొకడు, రావణుడొకడు. ఒకడు అలిసిపోతే రెండోవాడు రంగం మీదికి వస్తాడు. బుర్రకథలో ఇద్దరు వంతలుంటారు. హరికథకుడికి పక్కవాద్యాలే తప్ప మాట అందించేవాడు లేడు. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు. పద్యం తనదే, కీర్తన తనదే, వచనం తనదే, నృత్యం తనదే. శూర్పణఖ విసురూ తనదే, సీతమ్మ సిగ్గూ తనదే. కూర్చోడానికి లేదు. నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో అయిదు తాళాలు ఒక్కసారి నడిపి పంచముఖి చేసేవారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చినదీ ఆయనే. పండితులు రెండోదాన్ని తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ కాళ్లే ఎక్కువ గుర్తుకొస్తాయి.

విజయనగరంలో కోట చూసి, గంటస్తంభం చూసి, మహారాజావారి సంగీత కళాశాలకి వెళ్లేను. 1919లో విజయరామ గజపతిగారు పెట్టిన కళాశాల ఇది. మొదటి అధ్యక్షులు నారాయణదాసుగారు. ఆయన తరవాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఆ పీఠం ఎక్కేరు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు, సుశీలమ్మ ఇక్కడే చదువుకున్నారు. నరుడి కొలువు చెయ్యనని దాసుగారు పట్టుబడితే, ఇది రాముడి కొలువే అనిపించేలా దానికి "విజయరామ గానపాఠశాల" అని పేరు పెట్టి ఒప్పించేరని చెబుతారు. అంతకుముందు మైసూరు మహారాజావారు ఆస్థానంలో ఉండమన్నా ఆయన ఉండలేదట. దీన్ని అందరూ భక్తి అంటారు. భక్తే. కాని కథ చెప్పినందుకు కూలి ఎవరి చేతిమీదుగా పుచ్చుకోవాలి అన్న పట్టుదల కూడా అందులో వుందని నా అనుమానం.

1945 జనవరి 2న దాసుగారు వెళ్లిపోయేరు. 1948 చట్టంతో జమీందారీలూ వెళ్లిపోయేయి. మరి ఇప్పుడు ఈ కూలి ఎవరిస్తున్నారు? కాఫీ హోటల్లో నా బల్ల దగ్గర కూర్చున్న ఒక మృదంగం ఆయన్ని ఇదే అడిగేను. ఆయన కాఫీ పూర్తిచేసి, "రేపు నవమి. నరసన్నపేట దాటేక ఒక ఊళ్లో మా దాసుగారి కథ వుంది. వచ్చి చూసుకోండి" అన్నారు.

మర్నాడు ముగ్గురం బస్సులో బయలుదేరేం: దాసుగారు, మృదంగం, నేను. హార్మోనియం ఆయన శ్రీకాకుళంలో ఎక్కేడు. దాసుగారికి అరవై దాటేయి. పేరు రాస్తానంటే, "పేరుతో ఏం పనండీ, దాసు అని రాసుకోండి, చాలు" అన్నారు. ఒళ్లో చిన్న గుడ్డసంచీ. బస్సు గతుకులో పడినప్పుడల్లా అందులో గజ్జెలు ఘల్లుమంటున్నాయి. ముందు సీటులో చంటిపిల్ల వెనక్కి తిరిగి నవ్వుతోంది. ఉర్లాం పేరు వినపడగానే, ఆ జమీందారులు పండితులకి చేసిన సన్మానాల గురించి నేను పాఠం ఎత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, "అవునండి. మాకు మాత్రం కమిటీలే జమీందార్లు" అన్నారు.

వంశధార వైపు లోపలికి వుంది ఆ ఊరు. తాటాకు పందిరి, రంగు కాగితాలు, పానకం బిందెలు. కమిటీ కుర్రాళ్లు మర్యాదస్తులే. భోజనం పెట్టేరు. దాసుగారు రెండు ముద్దల మజ్జిగన్నం తిని లేచిపోయేరు. కడుపు నిండితే ఊపిరి నిలవదట. పటికబెల్లం, మిరియాలు పొట్లం కట్టి నడుముకి దోపుకున్నారు. అప్పుడు కమిటీ పెద్ద వచ్చి చల్లగా చెప్పేడు:

"దాసుగారూ, పదింటికి ఆర్కెస్ట్రా వుందండి. మీరు గంటుంపావులో ముగించీయాలి."

కథ సీతాకల్యాణం. దాసుగారు ఒక్క క్షణం ఆగి, "అలాగే బాబూ" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆయనకి రాలేదు. ముఖంలో కనిపించింది కోపం కాదు, లెక్క.

గజ్జె కట్టేరు. ఎనిమిదీ నలభైకి మొదలు. తాటకని నాలుగు మాటల్లో చంపేరు. అహల్యకి ఒక్క కీర్తన. ఒకదాని వెనక ఒకటిగా పద్యాలు రాలిపోతూంటే, తెలుగు మాష్టర్ని కదా, నాకు ప్రాణం ఉసూరుమంది. కాని ఆయన చూపు నామీద లేదు. ముందు వరసలో చాపమీద కూర్చున్న ముసలమ్మల మీద వుంది. వాళ్లలో ఒకావిడ ఆవలించబోతే, శివధనుస్సు ఎత్తలేక చతికిలబడ్డ రాజుల్ని ఆడి చూపించేరు. పందిరంతా నవ్వు. పడుకున్న పిల్లలు లేచి కూర్చున్నారు.

రాముడు విల్లు మీద చెయ్యి వేసేడు. సరిగ్గా అప్పుడు మైకు ఆయన చేతిలోంచి తీసుకొని చదివింపులు అందుకున్నారు. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారి అల్లుడుగారు వెయ్యినూటపదహార్లు. అలా ఆరు నిమిషాలు. దాసుగారు మాత్రం విల్లు మీది చెయ్యి తియ్యలేదు! ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే వుంచి నిలబడ్డారు. మైకు తిరిగి చేతికి రాగానే, "ఇందరి దీవెన అందుకొని రాముడు విల్లు ఎత్తేడు" అన్నారు. చదివింపుల వాళ్లే ముందు చప్పట్లు కొట్టేరు.

తొమ్మిదీ నలభై అయింది. వెనకాల ఆర్కెస్ట్రావాళ్లు స్పీకర్లు సవరించుకుంటున్నారు. కమిటీ కుర్రాడు గడియారం చూపిస్తున్నాడు. ఇక తలంబ్రాలు పోయించి మంగళం పాడేస్తారనుకున్నాను. పాడలేదు. అప్పగింతలకి అయిదు నిమిషాలు తీసుకున్నారు. గజ్జె ఆపి, చిరతలు ఆపి, గొంతు తగ్గించి, జనకుడు కూతురి చెయ్యి దశరథుడి చేతిలో పెట్టడం చెప్పేరు. పాట కాదు, వట్టి మాట. స్పీకర్ల దగ్గర కుర్రాడొకడు తీగ పట్టుకొని అలాగే నిలబడిపోయేడు. ముందు వరసలో కొంగులు కళ్లకి వెళ్లేయి. పదికి అయిదు నిమిషాలుండగా హారతి.

పళ్లెం తిరిగింది. ఇదివరకు ఆ పళ్లెంలో పడిన చిల్లర దాసుకి. ఇప్పుడు పందిరి రాటకి ఒక గళ్ల చీటీ అంటించేరు; దాన్ని ఫోనుకి చూపిస్తే డబ్బు కమిటీకి వెళుతుంది. పళ్లెంలోకి వచ్చినవి ముసలమ్మల పది రూపాయల నోట్లే.

ఆ రాత్రి బడి వరండాలో పడక. ఆర్కెస్ట్రా మోతకి నిద్ర పట్టక, దాసుగారు మోకాళ్లకి నూనె రాసుకుంటూ నాకొక నోటుపుస్తకం చూపించేరు. ఊరి పేరు, సంవత్సరం, చెప్పిన కథ, పట్టిన సమయం. చెప్పిన ఊళ్లో చెప్పిన కథ మళ్లీ రాకుండా వుండడానికట. ఈ ఊరికి ఆయన అయిదోసారి రావడం. మొదటిసారి రుక్మిణీకల్యాణం: నాలుగు గంటలు. తరవాత మూడు. తరవాత రెండున్నర. కిందటిసారి రెండు. ఆయన బొటనవేలు ఆ అంకెల మీదుగా కిందికి జారి, ఖాళీ గడి దగ్గర ఆగింది. 'గంటుంపావు' అని రాసి పుస్తకం మూసేరు.

చైత్రంలో నవమి పందిళ్లు, భాద్రపదంలో వినాయకుడు, దసరా, కార్తీకం. ఇవే ఆయన పంటలు. ఆషాఢం వస్తే పస్తే. వచ్చినదాంట్లో మృదంగానికీ హార్మోనియానికీ వాటా ముందు ఇచ్చి, మిగిలింది తను తీసుకుంటారు. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో 1973 నుంచి హరికథా పాఠశాల వుంది. ఆడపిల్లలు అక్కడ చేరి నేర్చుకుంటున్నారు. 2023లో కోట సచ్చిదానంద శాస్త్రిగారికి, 2024లో ఉమామహేశ్వరిగారికి పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతులన్నీ ఆయన నాకంటే సంతోషంగా చెప్పేరు.

"పద్యాలన్నీ వదిలేసేరు. అప్పగింతలకి మాత్రం అంతసేపా?" అన్నాను, ఉండబట్టలేక.

"పద్యం వదిలితే మీరొక్కరు బాధపడతారు మాష్టారూ. మీరు పుస్తకంలో చదువుకోగలరు. అప్పగింతలు వదిలితే ఆ ముసలమ్మలు ఎక్కడ చదువుకుంటారు?" అన్నారు. తరవాత కొంచెంసేపు ఊరుకొని, "పరశురాముణ్ణే వదిలేసేను. మనసు పీకుతోంది" అన్నారు.

నిజమే. పెళ్లివారు అయోధ్యకి తిరిగి వెళుతూండగా దారిలో అడ్డగించాలి కదా పరశురాముడు! ఆయన రాకుండానే మంగళం అయిపోయింది.

తెల్లవారి మొదటి బస్సెక్కేం. కూరల గంపతో ఎదర కూర్చున్న రైతొకాయన దాసుగారిని పోల్చుకొని, "రేత్రి పరశురాముడు రానేదేటండి దాసుగోరూ? నాను కాసుకు కూకున్నాను" అన్నాడు.

దాసుగారు నాకేసి చూసేరు. సంచీలోంచి చిరతలు తీసేరు. "ఎందుకు రాడు నాయనా! పెళ్లివారు దారిలోనే వున్నారు కదా" అని మొదలెట్టేరు. మృదంగం ఆయన సీటు వెనక చెక్కమీద వేళ్లతో తాళం వేసేడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి కడ్డీ పట్టుకు నిలబడ్డాడు. పద్యాలు వచ్చేయి మహాప్రభో, రాత్రి రాలిపోయిన పద్యాలన్నీ వరసగా వచ్చేయి.

శ్రీకాకుళం వచ్చేసరికి పరశురాముడు భుజం మీది విల్లు ఇంకా దింపలేదు. రైతు గంప దింపుకొని బస్టాండు బయట చెట్టుకింద పెట్టేడు. దాసుగారూ అక్కడికే వెళ్లేరు. నా రైలుకి గంట వ్యవధి వుంది. నేనూ వెళ్లి నిలబడ్డాను.