పాట ఎత్తుకునే మనిషి

నిన్న సద్దుల బతుకమ్మ. 2014లో రాష్ట్ర పండుగ అయినా, మా చెరువుకట్ట మీద పద్ధతేం మారలే. పాట మా పెద్దమ్మే ఎత్తుకుంటది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరుగుతూ ఆమె ఒక్కో మాట పాడితే, మేమంతా ‘ఉయ్యాలో’ అని అందుకుంటం. నడుమ ఓ ముసలామెకు అడుగు తడబడింది. పెద్దమ్మ ఎవరికీ ఏం చెప్పలే. చప్పట్ల వేగం తగ్గించింది, అంతే. అందరం మెల్లగైనం.

నేనేమో హైదరాబాద్ ఆఫీసుల 12 మందికి టీమ్ లీడ్‌ని. మూడేండ్లుగా మీటింగుల్ల నా యాస దాచుకొని, అరువు గొంతుతో మాట్లాడుతున్న. గొంతు పెంచితేనే వింటరనుకున్న. నిన్న పెద్దమ్మ వెనక తిరుగుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

తర్వాతి పాట నన్నే ఎత్తుకోమంది. నడుమల మర్చిపోయిన. పక్కనుంచి మెల్లగా అందించింది.