కబురు మోసిన కాళ్లు

మా తాత చచ్చేదాకా ఫోన్ పట్టలేదు. కానీ మనూర్ దిక్కు మా ఊళ్లె పటేండ్లకు చాన ఏండ్లు తాతే ఫోన్.

వాళ్ల ఇంట్ల ఎవలన్న పోతే, అర్ధరాత్రయినా మా మాదిగవాడకు పిలుపొచ్చేది. తాత కర్ర పట్టుకొని మంజీర దాటి చుట్టాల ఊర్లకు నడిచేటోడు. వాకిలి బయటనే నిలబడి, "బాంచెన్, పెద్ద పటేల్ పోయిండు" అని చెప్పాలె. దోసిట్ల నీళ్లు పోస్తే తాగి మర్లాలె. వచ్చినంక మళ్లీ డప్పు కొట్టాలె. కూలి లేదు. అది వెట్టి.

పీహెచ్‌డీ కోసం నిజాం కాలపు వెట్టి గురించి చదివిన. ఊరి అధికారుల కాగితాలు, సామాన్లు ఊరి నుంచి ఊరికి మోసే పని మనోళ్ల నెత్తిన ఎట్ల పడిందో ఆ పుస్తకాలల్ల ఉంది. చదువుతున్నంత సేపు తాత పగిలిన మడిమలే యాదికొచ్చినయ్.

సెల్‌ఫోన్ వచ్చినంక చావు కబురుకు మనిషి నడిచే అవసరం పోయింది. సెల్‌ఫోన్‌ను ఎవరెంత తిట్టినా, ఈ ఒక్క విడుదలను నేను తక్కువ చేసి మాట్లాడను.

మరి పిలుపు మారిందా?

పోయిన యేడు ఊరి వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్: "రేపు పొద్దుగాల తొమ్మిదింటికి అంత్యక్రియలు. డప్పులోళ్లు ఎనిమిదింటికే రావాలె." అడిగింది లేదు, మాట్లాడుకున్నది లేదు. మా చిన్నాయిన కొడుకు మర్యాదగనే రాసిండు: "అన్నా, రేపు అందరికీ పనులున్నయి. డప్పు కావాలంటే ముందుగాల అడుగుండ్రి, కూలి మాట్లాడుండ్రి." ఐదు నిమిషాలల్ల వాణ్ని గ్రూపుల నుంచి తీసేసిండ్రు.

తెల్లారి డప్పు మోగింది. వేరే ఊరి మేళాన్ని పైసలిచ్చి పిలిపించుకున్నరు. అంటే డప్పుకు కూలి ఉంటదని వాళ్లకు తెలుసు. మనకు ఇయ్యాల్నంటేనే మనసొప్పలేదు.

నాకు మాచ్‌నూర్ యాదికొచ్చింది. ఇప్పటి మన సంగారెడ్డి జిల్లా, ఝరాసంగం మండలం. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్ఎం. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్ల రేడియో అది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందట కూసొని విత్తనాల ముచ్చట, పంటల ముచ్చట మన యాసల చెప్పిండ్రు. మా తాత జీవితమంతా మోసింది ఇంకొకల్ల కబురు. ఆ అవ్వలు పంపింది సొంత కబురు. తేడా అంత అక్కడనే ఉంది. ఫోన్ ఎంత కొత్తదన్నది కాదు, దాంట్ల ఎవల మాట చెల్లుతుందన్నదే అసలు సంగతి.

వారం తిరగకముందే తమ్ముడు వాడకట్టు గ్రూపు పెట్టిండు. మొదటి మెసేజ్ స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరు తారీఖు. రెండోది డప్పుకు రోజు కూలి ఎంతుండాల్నన్న చర్చ.

"అక్కా, నువ్వు అడ్మిన్‌గ ఉంటవా?" అని నాకు ఫోన్ చేసిండు.

"నువ్వే ఉండు. నన్ను మాత్రం తీసెయ్యకు" అన్న.

జై భీమ్.